గడియారం నంబరు ఎవరి చేతిలో వుంది?

— బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి (గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్స్)

రోలెక్స్ వాచీ కొనగల స్తోమత మన కాలేజీలో ఎవరికీ లేదు గాని, దాని నంబరును గురించి వాదించగల స్తోమత మా హాస్టల్లో అందరికీ వుంది. ఎవరి బావగారో దుబాయి నుంచి తెచ్చిన వాచీ కావచ్చు, ఫోనులో ఎవరో అమ్మజూపిన పాత వాచీ కావచ్చు, పేవ్‌మెంటు మీది "ఫస్ట్ కాపీ" కావచ్చు, చర్చ ఎక్కడ మొదలైనా చివరకు తీర్పు ఒక్కటే. "నంబరు వుందిరా, ఇంటర్నెట్టులో కొట్టి చూశాం, కలిసింది. కాబట్టి అసలుదే."

ఆ "కాబట్టి" దగ్గరే నాకు పేచీ. లెక్కలు చదువుకునేవాడికి ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. నంబరు కలవటం ఒకటి, వస్తువు అసలుదవటం మరొకటి. ఈ రెంటికీ మధ్య పెద్ద అగడ్త వుంది. ఖరీదైన వాచీల కంపెనీలు తలచుకుంటే దాని మీద వంతెన వెయ్యగలవు, వెయ్యటం లేదు. నా అభిప్రాయం అది. దానికి కారణాలు చెప్పేముందు ఆ నంబర్ల సంగతి కాస్త విడమరచాలి. ఎందుకంటే వాదించేవాళ్ళలో సగంమంది రెండు వేరు వేరు నంబర్లను ఒకటిగా కలిపేస్తున్నారు.

పల్లెటూరివాళ్ళకు ఇది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. బి.పి.టి. 5204 అంటే సాంబమసూరి, బాపట్లలో పుట్టిన వరి రకం. 5204 అన్న అంకె రకాన్ని చెబుతుందే గాని మీ వసారాలో వున్న బస్తా ఏదో చెప్పదు. వాచీకి కూడా ఇలాంటి రకం నంబరు ఒకటి వుంటుంది. దాన్ని రెఫరెన్స్ నంబరు అంటారు. రోలెక్స్‌వాళ్ళ సబ్‌మెరైనర్‌నే తీసుకోండి. నీళ్ళలో దిగేవాళ్ళకని 1950లలో మొదలైన వాచీ అది. తేదీ చూపించే ఉక్కు సబ్‌మెరైనర్‌కు చాలాకాలం 16610 అనే నంబరు వుండేది. 2010లో 116610 అయింది, 2020లో 126610 అయింది. అంటే తరం మారినప్పుడల్లా ముందు అంకెలు మారాయి. చివరి అంకె మాత్రం లోహాన్ని చెబుతుంది. సున్నా అయితే ఉక్కు, 3 అయితే ఉక్కూ పసుపు బంగారమూ కలిపినది, 8 అయితే పూర్తి పసుపు బంగారం, 9 అయితే తెల్ల బంగారం. ఆ వెనక వుండే ఎల్.ఎన్., ఎల్.వి. అన్న అక్షరాలు ఫ్రెంచి మాటలకు పొట్టి రూపాలు. లూనెట్ అంటే డయలు చుట్టూ వుండే వలయం. ఎన్. అంటే నలుపు, వి. అంటే ఆకుపచ్చ. ఇది తెలిస్తే ఒక తరహా మోసం అక్కడికక్కడే పట్టుబడుతుంది. చివర సున్నా వున్న నంబరు చెప్పి బంగారపు రంగు వాచీ చేతిలో పెడితే ఇక మాట్లాడేది ఏముంది?

రెండవది సీరియల్ నంబరు. ఇది రకానిది కాదు, ఒక్క వాచీది. పాత రోలెక్స్‌లో ఈ రెండు నంబర్లూ బయటికి కనిపించవు. చేతి పట్టీ విప్పితే, పట్టీని తగిలించే చెవుల మధ్య కేసు పక్కన చెక్కి వుంటాయి. 12 గంటల వైపు రెఫరెన్స్ నంబరు, 6 గంటల వైపు సీరియల్ నంబరు. సుమారు 2005 తరువాత సీరియల్ నంబరును లోపలికి తెచ్చారు. డయలుకూ అద్దానికీ మధ్యనున్న సన్నని గోడ మీద, 6 గంటల దగ్గర, పట్టీ విప్పకుండానే చదువుకోవచ్చు.

ఇక ఆ నంబరు కథ సరదాగా వుంటుంది. మొదట్లో వరుసగా వేసుకుంటూ పోయారు. 1950ల నడుమ ఆరంకెలు అయిపోవస్తే మళ్ళీ చిన్న అంకెల నుంచి మొదలుపెట్టారు. అందువల్ల ఒకే నంబరు రెండు కాలాల వాచీల మీద కనిపించే అవకాశం వుంది. ఆ కాలపు వాచీలకు వెనక మూత లోపలి పక్క తయారైన సంవత్సరాన్నీ, ఏడాదిలో ఎన్నవ పావు భాగమో దాన్నీ కొట్టి వుంచేవారు. సాక్షి ఒకడు తడబడితే రెండవ సాక్షిని పిలవటం లాంటిదది. 1987లో ఏడంకెల నంబర్లూ నిండిపోయాయి. అప్పుడు ముందు ఒక అక్షరం తగిలించారు. మొదట ఆర్., తరువాత ఎల్., ఇ., ఎక్స్. కంపెనీ పేరులోని అక్షరాలే! "ఓ"ను మాత్రం వదిలేశారు, సున్నాతో పొరబడతారనే కాబోలు. ఆ అక్షరాల ఆట 2010 వరకూ సాగింది. ఆ తరువాత వరుస అన్నదే లేదు. అక్షరాలూ అంకెలూ కలగలిపి ఎనిమిది గుర్తులు, క్రమం లేకుండా.

ఏ అక్షరం ఏ సంవత్సరానిది అన్న పట్టికలు ఇంటర్నెట్టులో కుప్పలుగా వున్నాయి. మా వాళ్ళు "కలిసింది" అనేది వీటితోనే. ఆ పట్టికలు కంపెనీ వేసినవి కావు. వాచీలు సేకరించేవాళ్ళు పాత బిల్లులూ గ్యారంటీ కాగితాలూ పోల్చి తయారు చేసుకున్నవి. మంచి పనే, ఓపికతో చేసిన పనే. కాని అందులో మీ నంబరు "కలవటం" అంటే అర్థమేమిటి? ఆ నంబరు ఫలానా ఏడాది పరిధిలో పడింది అని మాత్రమే. ఏడంకెల వరుసలో నేను కళ్ళు మూసుకుని రాసిన నంబరైనా ఏదో ఒక ఏడాదిలో పడుతుంది!

వరుస నంబర్లను ఎందుకు వదులుకున్నారో కంపెనీ చాటి చెప్పలేదు గాని, గణాంకశాస్త్రం చదివినవాడికి ఒక కారణం తట్టక మానదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని టాంకులు తయారు చేస్తున్నదో మిత్రరాజ్యాలకు అంతుపట్టలేదు. 1942 ఆగస్టు నెలకు గూఢచారుల అంచనా 1550. కొందరు గణాంకవేత్తలు పట్టుబడిన టాంకుల భాగాల మీది సీరియల్ నంబర్లను తీసుకుని లెక్క కట్టి 327 అన్నారు. యుద్ధం ముగిశాక జర్మనీ రికార్డులు తీసి చూస్తే 342. లెక్క పెద్దదేమీ కాదు. చూసిన నంబర్లలో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకుని, దాన్ని ఎన్ని చూశామో అంతతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ దానికే కలిపి, ఒకటి తీసెయ్యాలి. ఐదు వాచీలు చూశారు, పెద్ద నంబరు 60 అనుకోండి. 60కి 12 కలిపి ఒకటి తీసేస్తే 71. మొత్తం తయారైనవి సుమారు అన్ని. అంటే వరుస నంబరు వేసే ప్రతి కంపెనీ తన ఉత్పత్తి గుట్టును తన సరుకు మీదే చెక్కి బజారుకు పంపుతున్నదన్నమాట. క్రమం లేని నంబరు ఆ గుట్టును దాస్తుంది. కంపెనీకి అది మేలే. కొనేవాడికి మాత్రం చేతిలో వున్న ఆ కొద్దిపాటి ఆధారం కూడా పోయింది. ఇదివరకు కనీసం ఏ ఏడాదిదో తెలిసేది, ఇప్పుడు అదీ లేదు.

ఇంకో వింత చూడండి. పాత వాచీలు అమ్మేవాళ్ళు ఫోటో పెట్టినప్పుడు సీరియల్ నంబరులో కొన్ని అంకెలు చెరిపేస్తారు. ఎందుకయ్యా అంటే, పూర్తి నంబరు కనిపిస్తే నకిలీవాడు దాన్ని తీసుకుపోయి తన వాచీల మీద చెక్కుకుంటాడు అంటారు. నిజమే. ఒక అసలు నంబరు దొరికితే దాన్ని వెయ్యి నకిలీల మీద కొట్టటానికి వాడికి అడ్డేముంది? లేసరుతో చెక్కే యంత్రం ఇప్పుడు చిన్న దుకాణాల్లో కూడా వుంది. గుర్తింపు కోసం పుట్టిన నంబరును ఎవరికీ కనపడకుండా దాచుకోవలసి వస్తే, అది గుర్తింపు నంబరా, తాళంచెవా?

పుస్తకంలో కలిసినా చాలదని చెప్పే పెద్ద ఉదాహరణ ఇటీవలే జరిగింది. ఇది రోలెక్స్‌ది కాదు, ఒమేగా కంపెనీది. చంద్రుడి మీదికి వెళ్ళిన వాచీగా స్పీడ్‌మాస్టర్ పేరు మీరు వినే వుంటారు. 1957లో వచ్చిన మొట్టమొదటి రకం స్పీడ్‌మాస్టర్ ఒకటి 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ వేలానికి వచ్చింది. డయలు ఎండకూ కాలానికీ గోధుమరంగుకు తిరిగిన వాచీ. వేలానికి ముందు వేసిన అంచనా 80 వేల నుంచి లక్షా 20 వేల స్విస్ ఫ్రాంకులు. పాడుకున్నది 31 లక్షల ఫ్రాంకులకు పైగా! కొన్నది ఎవరో కాదు, ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. 2023 జూన్ వచ్చేసరికి ఒమేగాయే బయటపెట్టింది, అది వేరు వేరు వాచీల భాగాలు తెచ్చి అతికిన వాచీ అని. ఆ వ్యవహారంలో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురి ప్రమేయం వుందని కూడా చెప్పింది. మరి వేలం సంస్థ ముందుగా విచారించలేదా అంటే విచారించింది. ఆ యంత్రం నంబరు ఎప్పటిదో, ఏ రకం వాచీలో బిగించారో, ఎప్పుడు అమ్మారో అన్నీ ఒమేగా రికార్డుల నుంచే ధృవపరచుకున్నామని చెప్పింది. అంటే నంబరు అసలుది. పుస్తకం అసలుది. రెండూ కలిశాయి. వాచీ మాత్రం కాదు.

ఈ సంఘటనను నేను మళ్ళీ మళ్ళీ తలచుకుంటాను. నంబరుకు రెండు సగాలు వుంటాయి. ఒక సగం వస్తువు మీద, ఇంకో సగం పుస్తకంలో. వస్తువు కొన్నవాడి దగ్గర, పుస్తకం కంపెనీ దగ్గర. పుస్తకం వున్న ఇంట్లోనే దొంగ వుంటే కొన్నవాడు ఏం చేస్తాడు? ఇక్కడైతే కొన్నవాడూ కంపెనీయే కాబట్టి దాని డబ్బు అదే పోగొట్టుకుంది. ఆ చోట రిటైరయిన మేష్టారో, గల్ఫులో పదేళ్ళు కష్టపడి వచ్చినవాడో వుంటే? ఆయన చేతిలో చెక్కిన అంకెలు తప్ప ఇంకేమున్నాయి?

ఇందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ పాల్ న్యూమన్ వాచీ. ఆ హాలీవుడ్ నటుడి రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్కులో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని రెఫరెన్స్ నంబరు 6239, అదే నంబరుతో ఇంకా ఎన్నో వాచీలున్నాయి. దాని వెల పెంచినవి వెనక మూత మీద భార్య చెక్కించిన మూడు మాటలు, జాగ్రత్తగా కారు నడపమని. ఆ పైన, అది ఆయన చేతి నుంచి ఎవరి చేతికి ఎలా వెళ్ళిందో చెప్పగల బ్రతికున్న సాక్షులు.

మేము వ్యవసాయం చేసే వాళ్ళం. మా నాన్న పత్తి విత్తనం పాకెట్టును ఎప్పుడూ అడుగు నుంచే కోస్తాడు. లాటు నంబరూ, పరీక్ష తేదీ ముద్రించిన పై భాగం చెక్కుచెదరకూడదు. ఆ ఖాళీ కవరునూ, దుకాణం బిల్లునూ కలిపి మడిచి, పత్తి తీత అయిపోయిందాకా దూలం సందులో పెడతాడు. ఎందుకంటే మొలక రాకపోతే, కాయ పట్టకపోతే ఆ అంకెలే ఆఫీసరు ముందు మా తరఫున మాట్లాడవలసినవి. బిల్లు మీది లాటు నంబరూ కవరు మీది లాటు నంబరూ ఒకటి కాకపోతే ఆ రోజే దుకాణం మెట్ల మీద గొడవ. నంబరును ఎలా చూడాలో నాకు మొదట నేర్పింది ఆ కవరే. నంబరు రాసి వుండటం కాదు, అది రెండు చోట్ల రాసి వుందా, ఆ రెండవ చోటు మనకు అందుబాటులో వుందా అన్నది చూడాలి.

ఈ విషయంలో పదివేల రూపాయల ఫోను పది లక్షల వాచీకన్నా ఎంతో మర్యాదస్తురాలు. ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే పదిహేనంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. నంబరు వస్తుంది. అందులో చివరి అంకె మిగతా పద్నాలుగు అంకెల మీద లూన్ పద్ధతిలో లెక్కకట్టి వేసినది. మధ్యలో ఒక్క అంకె తప్పు పడినా లెక్క తప్పి దొరికిపోతుంది. ఆధార్ నంబరు చివరి అంకె కూడా ఇలాంటిదే, వెర్హోఫ్ అనే ఇంకో పద్ధతి. అయితే ఈ పరీక్ష అంకె పొరపాటును పట్టుకుంటుందే గాని మోసాన్ని పట్టుకోలేదు. ఉన్నదున్నట్టు కాపీకొడితే లెక్క కూడా ఉన్నదున్నట్టే సరిపోతుంది. అందుకే పుస్తకం తెరిచి వుండాలి. ఫోను విషయంలో తెరిచారు. 2023లో వచ్చిన సంచార్ సాథీలో ఎవరైనా ఐ.ఎమ్.ఇ.ఐ. కొట్టి చూసుకోవచ్చు. ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది వస్తుంది. దొంగిలించినదని నిలిపివేసినా, అదే నంబరు ఇంకో ఫోనులో వున్నా అదీ తెలుస్తుంది. బంగారం సంగతీ అంతే. 2023 ఏప్రిల్ ఒకటి నుంచి హాల్‌మార్కు నగ మీద ఆరు గుర్తుల నంబరు లేనిదే దుకాణంలో అమ్మకూడదు. అక్కా చెల్లెళ్ళ పెళ్ళికి నగలు కొనేవాళ్ళు బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది గొలుసా, ఉంగరమా, ఎంత స్వచ్ఛత, ఎక్కడ పరీక్ష చేశారు అన్నవి చదువుకోవచ్చు. గొలుసు నంబరు ఉంగరం మీద కొట్టినవాడు అక్కడే దొరుకుతాడు.

రోలెక్స్‌కు ఇలాంటి కిటికీ లేదు. నంబరు కొట్టి అడుగుదామంటే జనం కోసం తెరిచిన పుస్తకమే లేదు. వాచీ పట్టుకుని వాళ్ళ దుకాణానికి వెళ్ళాలి. కొన్ని కంపెనీలు నయం. పాతెక్ ఫిలిప్ కేసుకు ఒక నంబరూ, లోపలి యంత్రానికి ఒక నంబరూ వేసి, రుసుము తీసుకుని పాత పుస్తకంలోని వివరాల నకలు ఇస్తూ వచ్చింది. కార్టియే వగైరా వున్న రిష్‌మాన్ సంస్థ 2023లో ఎన్‌క్విరస్ అనే వేదిక తెరిచింది. ఏ కంపెనీ వాచీ అయినా సరే, పోయినట్టు అందులో నమోదు చెయ్యవచ్చు, దొంగసొత్తా అని చూసుకోవచ్చు. చేయగలరు అనటానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక్కడ నా గణాంకశాస్త్ర మిత్రుడొకడు అడ్డు తగిలాడు. "పుస్తకం తెరిస్తే నకిలీవాడికే లాభం కదా, వరుసగా నంబర్లు కొట్టి చూసి, వున్న నంబర్లన్నీ ఏరుకుంటాడు" అన్నాడు. వరుస నంబర్ల కాలంలో అయితే వాడి మాటే నిజం. ఇప్పుడు? పది అంకెలూ, ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలూ, ఎనిమిది స్థానాలు. ముప్పై ఆరును ఎనిమిదిసార్లు గుణించండి. రెండు లక్షల ఎనభై రెండు వేల కోట్లు వస్తుంది. రెండు కోట్ల వాచీలకు నంబర్లు ఇచ్చారనే అనుకుందాం. గుడ్డిగా కొట్టినవాడికి ఒక్క నిజమైన నంబరు తగలాలంటే సగటున లక్షా నలభై వేలసార్లు కొట్టాలి. కొన్ని అక్షరాలు వాడకుండా వదిలేశారనుకున్నా శ్రమ తగ్గుతుంది గాని పని తేలిక కాదు. రోజుకు ఐదుసార్లకన్నా కొట్టనివ్వకపోతే వాడి మనవడు కూడా పూర్తి చెయ్యలేడు. కాబట్టి (ఈ "కాబట్టి"ని నేను ఒప్పుకుంటాను) క్రమం లేని నంబర్లకు మారినప్పుడే, దాచిపెట్టటానికి వున్న మంచి సాకు కంపెనీ చెయ్యి జారిపోయింది. అడిగినవాడికి యజమాని పేరు చెప్పనక్కర్లేదు. ఈ నంబరు మాదే, ఈ రకానిదే, ఈ రంగు డయలుతో బయటికి వెళ్ళింది, పోయినట్టు ఫిర్యాదు లేదు. ఈ నాలుగు ముక్కలు చాలు. అసలు నంబరును వెయ్యి నకిలీల మీద కొడితే అప్పుడేమవుతుంది అంటారా? ఒకే నంబరును ఒకే వారంలో హైదరాబాదులో, దుబాయిలో, హాంకాంగులో అడుగుతుంటే కంపెనీకి అనుమానం రాదా? మన ఫోనుల పుస్తకం చేస్తున్నది అదే.

దాచటంలో కంపెనీకి వేరే లాభం వుందని నాకు అనుమానం. పాత వాచీకి "ఇది అసలుదే" అనే మాట కంపెనీ నోటి నుంచే రావాలంటే ఆ మాటకు కూడా ఖరీదు కట్టొచ్చు. 2022 డిసెంబరులో రోలెక్స్ తన పాత వాచీలను తన ధృవపత్రంతో, ఎంపిక చేసిన దుకాణాల్లో అమ్మించటం మొదలుపెట్టింది. వ్యాపారంగా అందులో తప్పు పట్టలేము. కాని లక్షలు పోసి కొన్న వస్తువు అసలుదో కాదో తెలుసుకోవటం కొన్నవాడి హక్కు గాని అదనపు సరుకు కాదు.

ఈలోగా పాత వాచీ మీద మోజు పడ్డ మిత్రులు కనీసం ఈ పని చెయ్యండి. అమ్మేవాడి ఎదురుగానే పట్టీ విప్పించండి. రెఫరెన్స్ నంబరు ఐదారంకెలది అయితే దాని చివరి అంకెకూ లోహానికీ పొత్తు కుదిరిందా చూడండి. చెక్కిన అంకెల అంచులు పదునుగా వుండాలి, సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా వుంటే పక్కన పెట్టండి. నంబరు చోట గీకి నున్న చేసిన జాడ వుంటే అది దొంగసొత్తు కావచ్చు, బేరమే వద్దు. తెలిసిన రిపేరర్ చేత వెనక మూత తీయించండి, యంత్రం ఎప్పుడూ నంబరు కన్నా కాపీకి కష్టమైనది. గ్యారంటీ కార్డు మీది నంబరూ, వాచీ మీది నంబరూ అక్షరం అక్షరం పోల్చండి. మీకిచ్చే బిల్లు మీద పూర్తి సీరియల్ నంబరు రాయించుకోండి, రాయనంటే లేచి రండి. అమెరికాలోనో గల్ఫులోనో వున్న మనవాళ్ళ దగ్గరికి చేతికి ఖరీదైన వాచీ పెట్టుకుని వెళ్ళేవాళ్ళు, బయలుదేరే విమానాశ్రయంలోనే కస్టమ్స్‌వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుని, అందులో ఆ నంబరు వేయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నది కాదు, ఇక్కడి నుంచి తీసుకువెళ్ళినదే" అని ఆ కాగితం చెబుతుంది, సుంకం కట్టే పని తప్పుతుంది.